ఇంటి మీది సోలార్ ప్యానెళ్లు: కడిగే ముందు, కడిగేటప్పుడు, కడిగాక

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. బకెట్, బ్రష్ సంగతికి కాసేపట్లో వద్దాం. ముందు అర్థం చేసుకోవాల్సింది ఒకటుంది.

ఇంట్లో ఏ కరెంటు వస్తువుకైనా స్విచ్ ఉంటుంది. కట్టేస్తే ఆగిపోతుంది. సోలార్ ప్యానెల్‌కు అలాంటి స్విచ్ లేదు. వెలుతురు పడినంతసేపూ దాని తీగల్లో వోల్టేజి ఉంటుంది. ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే డబ్బా) ఆపినా ఉంటుంది, మెయిన్ తీసేసినా ఉంటుంది. మబ్బు పడితే కరెంటు బాగా తగ్గుతుంది గానీ వోల్టేజి పెద్దగా తగ్గదు. కాబట్టి "ఈ రోజు ఎండ లేదు, ముట్టుకుంటే ఏమవుతుందిలే" అనే మాట ఎప్పుడూ అనుకోకండి.

ఎంత వోల్టేజి? ఇప్పుడు ఇళ్ల మీద పెడుతున్న ప్యానెల్ ఒక్కోటి సుమారు 40 నుంచి 50 వోల్టులు ఇస్తుంది. విడిగా చూస్తే చిన్నదే. కానీ ఒకదాని ప్లస్‌ను పక్కదాని మైనస్‌కు కలుపుతూ వరసగా స్ట్రింగ్ కడతారు. 10 ప్యానెళ్ల స్ట్రింగ్ అంటే 400 నుంచి 500 వోల్టుల డీసీ, అంటే ఒకే దిక్కుకు పారే కరెంటు. మంచి ఎండలో అందులో 10 నుంచి 14 ఆంపియర్లు పారుతుంటాయి. ఇంట్లోకి వచ్చే ఏసీ, అంటే దిక్కు మారుతూ పారే కరెంటు, ప్రతి సెకనులో వంద సార్లు సున్నాకు వచ్చి వెళుతుంది. అందుకే లోడు మీద ప్లగ్గు పీకితే చిటుక్కుమన్న మెరుపు వెంటనే ఆరిపోతుంది. డీసీకి ఆ సున్నా లేదు. కరెంటు పారుతున్న డీసీ కనెక్టర్‌ను పీకితే రెండు కొసల మధ్య ఆర్క్ అనే మెరుపు పుట్టి అలాగే నిలబడుతుంది. ఆ వేడికి ప్లాస్టిక్ కరుగుతుంది, చెయ్యి కాలుతుంది, పక్కన ఎండుటాకులుంటే అంటుకుంటాయి. ప్యానెళ్ల కింద కనిపించే ఎంసీ4 కనెక్టర్లను కడిగేవాళ్లు విప్పకూడదనేది ఇందుకే. ప్రతి ప్యానెల్ కింద మైక్రో ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో పరిస్థితి వేరు, అక్కడ డీసీ వోల్టేజి ఒక్క ప్యానెల్‌దే. అయితే కప్పు మీద పారేది ఏసీ కరెంటు, ఆ జాగ్రత్త ఆ ఏసీకీ కావాలి.

అలాగని ప్యానెల్ గాజును తడపడమే ప్రమాదమని కాదు. వానలో తడవడానికే దాన్ని తయారుచేశారు. గాజు, ఫ్రేము, తీగలు, కనెక్టర్లు అన్నీ బాగున్నంతకాలం నీళ్లతో కడగడం సురక్షితమే. వాటిలో ఏది దెబ్బతిన్నా సురక్షితం కాదు. అందుకే పని మొదలయ్యేది కప్పు మీద కాదు, ఇన్వర్టర్ ముందు.

ఇన్వర్టర్ తెరనో, ఫోనులో దాని యాప్‌నో తెరవండి. ఇన్సులేషన్ ఫాల్ట్, ఐసొలేషన్ ఫాల్ట్, ఎర్త్ ఫాల్ట్, గ్రౌండ్ ఫాల్ట్ - ఈ పేర్లలో ఏది కనిపించినా ఆ రోజు కడగడం రద్దు. దాని అర్థం ఎక్కడో డీసీ తీగ నుంచి ఫ్రేముకో, కింది ఇనుప స్టాండుకో, తడిసిన కప్పుకో కరెంటు దారి దొరికిందని. తెల్లవారుజామున మంచుకు వచ్చి, ఎండెక్కాక పోయే ఫాల్ట్‌ను చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఎండలో పోతే బాగైనట్టు కాదు. తడిస్తే బయటపడే చోటు ఒకటి ఉందని అది చెబుతోంది. మీరు పోయబోయేది నీళ్లే. తెలిసిన సోలార్ టెక్నీషియన్ వచ్చి కొలిచేదాకా ఫ్రేమునూ స్టాండునూ ముట్టుకోవద్దు.

తర్వాత కింద నుంచో, పక్క మేడ నుంచో, ఫోను కెమెరా జూమ్ చేసో ప్యానెళ్లను ఒక్కొక్కటిగా చూడండి. గాజు పగిలిందా? పగిలితే సాలెగూడులా ముక్కలు అతుక్కునే ఉంటాయి, దూరం నుంచి తెల్లటి మచ్చలా కనిపిస్తుంది. గోధుమరంగు కాలిన మరక ఉందా? వెనకవైపు పొర ఉబ్బిందా, పగుళ్లిచ్చిందా? తీగ ఏదైనా వేలాడుతోందా? వీటిలో ఏదున్నా ఆ ప్యానెల్ మీద నీటి చుక్క పడకూడదు.

ఇప్పుడు అసలు కడగాలా వద్దా అన్న ప్రశ్న. నెలకోసారి, వారానికోసారి అంటూ ఎవరైనా లెక్క చెబితే ఆ లెక్క వాళ్ల ఊరి దుమ్ముది, మీ ఇంటిది కాదు. వానలు తరచుగా పడుతూ, ప్యానెళ్లు 15 డిగ్రీలకు మించి వాలుగా ఉంటే చాలావరకు వానే కడిగేస్తుంది. మట్టిరోడ్డు, రాతిక్వారీ, ఇటుకబట్టీ, కోత జరిగే పొలం, పక్కనే కట్టే ఇల్లు ఉంటే లెక్క మారిపోతుంది. నాలుగు చినుకులు పడి ఆగిపోయే వాన అన్నిటికన్నా చెడ్డది. అది దుమ్మును కడగదు, తడిపి బురదచుక్కలుగా అతికించి పోతుంది.

కొలిచి తేల్చుకోండి. ఒకే దిక్కుకు, ఒకే వాలులో రెండు స్ట్రింగులు ఉంటే ఒకదాన్ని కడిగి రెండోదాన్ని వదిలేయండి. మబ్బులేని మూడు నాలుగు రోజుల యూనిట్లు పోల్చండి. కడిగే ముందు వాటి మధ్య తేడా ఎంతో కూడా రాసి ఉంచుకోవాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. ఒకటే స్ట్రింగు ఉంటే గత సంవత్సరం ఇదే నెలతో పోల్చండి, గత నెలతో కాదు. సూర్యుడి ఎత్తు, పగటి నిడివి మారుతుంటాయి. ప్యానెల్ వయసు వల్ల తగ్గేది మామూలుగా ఏడాదికి అర శాతం చుట్టూ ఉంటుంది. నెలలో పది శాతం పడిపోతే అది వయసు కాదు. మురికి, నీడ, లేదా ఏదో చెడిపోయింది.

మురికి ఎక్కడ చేరిందన్నది ఎంత చేరిందన్న దానికన్నా ముఖ్యం. ఈ భాగం కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే కప్పు ఎక్కకుండానే సగం పని తీరే మార్గం ఇందులో ఉంది.

ప్యానెల్‌లోని సెల్స్ (కరెంటు పుట్టించే చిన్న పలకలు) అన్నీ వరసగా కలిపి ఉంటాయి. ఒక్క గొట్టంలో నీరు పారుతున్నట్టే: ఎక్కడ ఇరుకైతే మొత్తం పారుదల అక్కడికి తగ్గుతుంది. ఒక సెల్ మీద నీడ పడితే మిగతా సెల్స్ కరెంటును దాని గుండా నెడతాయి; అది కరెంటు ఇవ్వడం మాని వేడెక్కుతుంది. దాన్నే హాట్ స్పాట్ అంటారు. అది ముదరకుండా ప్యానెల్ వెనక డబ్బాలో సాధారణంగా మూడు బైపాస్ డయోడ్లు పెడతారు. 60 సెల్స్ ప్యానెల్‌లో ఒక్కో డయోడ్ కింద 20 సెల్స్. నీడ పడిన భాగాన్ని డయోడ్ పక్కనపెడితే ప్యానెల్ మూడో వంతు పోతుంది, మిగతాది నడుస్తుంది. అందుకే ప్యానెల్ అంతటా సమానంగా పరుచుకున్న పలచటి దుమ్ముకన్నా, ఒకే సెల్ మీద దట్టంగా పడిన పక్షి రెట్ట ఎక్కువ చెరుపు. దుమ్ము యూనిట్లు తగ్గిస్తుంది. రెట్ట సెల్‌ను కాలుస్తుంది.

ఇక కింది అంచు. ప్యానెల్ చుట్టూ ఉన్న అల్యూమినియం ఫ్రేము గాజుకన్నా ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎత్తుగా ఉంటుంది. వాలు 10 డిగ్రీల కన్నా తక్కువైతే జారివచ్చిన నీరు అక్కడ ఆగి, ఆరిపోయి, బురదపట్టీ మిగులుతుంది. ప్యానెల్‌ను నిలువుగా బిగించారనుకోండి. పాతరకం పూర్తి సెల్ ప్యానెల్‌లో కింది వరసలోని ఆరు సెల్స్ మూడు డయోడ్ల భాగాలకూ చెందుతాయి, రెండేసి చొప్పున. ఆ సెల్ ఎత్తు సుమారు 16 సెంటీమీటర్లు. బురద అందులో 3 సెంటీమీటర్లు కప్పితే ఆ సెల్స్ కరెంటు దాదాపు ఐదో వంతు తగ్గుతుంది, దాంతోపాటు ప్యానెల్ మొత్తానిదీ. పైన గాజు అద్దంలా మెరుస్తున్నా సరే. సెల్స్‌ను సగానికి కోసి పెట్టే కొత్త హాఫ్ కట్ ప్యానెళ్లలో పై సగం, కింది సగం విడివిడిగా పనిచేస్తాయి కాబట్టి దెబ్బ కింది సగానికే తగులుతుంది. కానీ ఆ సెల్ ఎత్తు సగమే ఉంటుంది గనుక అదే 3 సెంటీమీటర్లు అక్కడ మూడో వంతు పైనే అవుతుంది. అడ్డంగా బిగించిన పూర్తి సెల్ ప్యానెల్‌లో అయితే ఒక్క డయోడ్ భాగమే దెబ్బతింటుంది.

కింది అంచు చాలా ఇళ్లలో డాబా మీద నిలబడితే చేతికి, లేదా పొడవాటి కర్రకు అందేదే. మొత్తం కడగడానికి మనిషి దొరికేదాకా ఆగకుండా ఆ అంచు ఒక్కటే నానబెట్టి తుడిస్తే పోయిన యూనిట్లలో పెద్ద వాటా తిరిగి వస్తుంది. నీటిని ఫ్రేము మీదుగా కిందికి లాగే చిన్న ప్లాస్టిక్ క్లిప్పులు కూడా ఉన్నాయి. తక్కువ వాలున్న చోట అవి ఉపయోగపడతాయి. మీ ప్యానెల్ తయారీదారు అభ్యంతరం చెప్పకపోతే పెట్టుకోవచ్చు.

ఇప్పుడు పడిపోవడం గురించి. కరెంటు గురించి ఇంతసేపు చెప్పాను గానీ, ప్యానెళ్లు కడిగేటప్పుడు మనిషికి ఎదురయ్యే మొదటి ప్రమాదం కాలు జారడమే. తడిసిన గాజు, సబ్బునీళ్లు, నాచు, చేతిలో కర్ర, చూపు పైకి. వాలు కప్పు మీద ప్యానెళ్లుంటే ఇంటివాళ్లు ఎక్కవద్దు. ఇది నా గట్టి అభిప్రాయం. నాలుగైదు శాతం యూనిట్ల కోసం ఎవరూ కప్పు అంచున నిలబడకూడదు. నేల మీద నుంచో, పిట్టగోడ ఉన్న డాబా మీద నుంచో అందితే కడగండి, అందకపోతే పరికరాలున్నవాళ్లను పిలవండి. వాళ్లు కట్టుకునే తాడు కూడా భవనపు నిర్మాణానికి బిగించాలి, ప్యానెల్ ఫ్రేముకో, అది కూర్చున్న లోహపు పట్టీకో కాదు. అవి గాలికి తట్టుకునేలా చేసినవి, పడిపోయే మనిషి కుదుపును ఆపేలా చేసినవి కావు. సిమెంటు రేకులు, పాతబడిన ప్లాస్టిక్ రేకులు ఉన్న కప్పుల మీద అడుగుపెడితే విరిగి లోపలికి పడతారు.

నిచ్చెన వాడితే ప్రతి నాలుగు అడుగుల ఎత్తుకు ఒక అడుగు దూరం చొప్పున కింది భాగం గోడకు ఎడంగా ఉండాలి. పై కొస కప్పు అంచు దాటి మీటరు దాకా పైకి రావాలి, కట్టేసి ఉండాలి. కింద ఒక మనిషి తప్పనిసరి. చుట్టుపక్కల కరెంటు తీగలున్నచోట పొడవాటి అల్యూమినియం కర్ర ఎత్తకండి. ఫైబర్‌గ్లాస్ కర్ర వాడండి, దాన్నీ తీగలకు దూరంగా ఉంచండి. తడిసిన ఫైబర్‌గ్లాస్ కూడా కరెంటుకు దారిస్తుంది.

ఇంకొకటి. ప్యానెల్ మీద కాలు పెట్టకూడదు, మోకాలు ఆనించకూడదు. "ఇంత బరువు మోస్తుందని రాసి ఉందిగా" అని కొందరంటారు. అది గాజంతటా సమానంగా పడే గాలి ఒత్తిడి లెక్క. మడమ కింద పడే బరువు వేరు. గాజు పగలకపోయినా, లోపలి సెల్‌లో కంటికి కనిపించని సన్నటి చీలిక రావచ్చు. ఏడాది రెండేళ్లకు ఆ చీలిక వెంట నత్త పాకినట్టు గోధుమ గీతలు తేలతాయి.

నీళ్లు. బోరునీటిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉంటే గాజు మీద తెల్లటి సున్నపు పొర కడుతుంది. మొదటిసారి కనిపించదు, పదిసార్లకు పొగమంచులా మిగిలిపోతుంది, తర్వాత మామూలుగా కడిగితే పోదు. నీటిలో కరిగిన ఉప్పులను కొలిచే టీడీఎస్ మీటరుతో చూసుకుని 200 పీపీఎం కన్నా తక్కువున్న నీరు వాడండి. పట్టిపెట్టుకున్న వాననీరు బాగా పనికొస్తుంది. ఆర్వో యంత్రం బయటికి వదిలేసే నీటిని ఇందుకు వాడవద్దు. వచ్చిన నీటిలోని ఉప్పులన్నీ చిక్కబడి ఉండేది అందులోనే. గట్టినీరు తప్ప దిక్కు లేకపోతే మురికి వదిలించడానికి అది వాడి, చివరి కడుగు మంచినీటితో చేసి, రబ్బరు వైపర్‌తో నీటిని లాగేయండి. పైపు దగ్గర లేకపోయినా ఫరవాలేదు, ఒక్కో ప్యానెల్‌కు 2 నుంచి 3 లీటర్లు చాలు.

సబ్బు మామూలుగా అక్కర్లేదు. మసి, జిడ్డు ఉంటేనే 10 లీటర్ల నీటికి అర చెంచా ఘాటులేని ద్రవం, ఆ తర్వాత పూర్తిగా కడగాలి. సబ్బు పొర మిగిలితే దుమ్ము ముందుకన్నా త్వరగా అంటుకుంటుంది. యాసిడ్, బ్లీచింగ్, బట్టల సోడా, గాజుకు కొట్టే అమ్మోనియా ద్రవాలు వద్దు. గాజు మీద ఎండ తిరిగి పోకుండా ఆపే ఒక పలచటి పూత ఉంటుంది. దానికీ, ఫ్రేము మీది పూతకూ అవి పడవు. వాహనాలు కడిగే ప్రెషర్ పంపు కూడా వద్దు. అలాంటివి 100 బార్ల పైన కొడతాయి, తయారీదారులు ఒప్పుకునే హద్దు దానికి ఎంతో తక్కువ. ఆ ధార అంచుల్లోని సీలును చీల్చుకుని లోపలికి పోతుంది.

పొడి గుడ్డతో తుడవడం మంచిదని ఒక నమ్మకం ఉంది. కాదు. ఇసుక రేణువు గాజుకన్నా గట్టిది. పొడిగా రుద్దితే ప్రతి రేణువూ గీత పెడుతుంది.

సమయం, తెల్లవారాక తొలి గంటలో, లేదా సాయంత్రం ప్యానెళ్లు చల్లబడ్డాక. మధ్యాహ్నం గాజు 60 డిగ్రీలు దాటి ఉంటుంది. దానిమీద చన్నీళ్లు పోస్తే గాజు పగలవచ్చు, పైగా నీరు తుడిచేలోపే ఆరి మరకలు పడతాయి. ఉదయం మంచుకు దుమ్ము నాని ఉంటుంది కాబట్టి పని తేలిక. కప్పు కూడా జారుతుందని మరవకండి.

వరస ఇలా. ముందు ఇన్వర్టర్‌కు వెళ్లే ఏసీ ఎంసీబీ ఆపండి. దాంతో లోడు పోయి కరెంటు పారడం ఆగుతుంది. ఆ తర్వాతే డీసీ ఐసొలేటర్ (ప్యానెళ్ల తీగలను ఇన్వర్టర్ నుంచి వేరుచేసే స్విచ్) తిప్పండి. అప్పుడు దాని కొనల్లో మెరుపు పుట్టదు. ప్యానెళ్లలో వోల్టేజి అలాగే ఉందని గుర్తుంచుకోండి. బ్యాటరీ ఉన్న ఇంట్లో బ్యాకప్ లైను విడిగా నడుస్తూనే ఉంటుంది, దాన్నీ మాన్యువల్ ప్రకారం ఆపాలి. రబ్బరు అడుగు బూట్లు, పూర్తి చేతుల చొక్కా వేసుకోండి. పై అంచు నుంచి కిందికి నీళ్లు వదిలి ఐదు నిమిషాలు నానబెట్టండి. మెత్తటి నైలాన్ బ్రష్‌తో పై నుంచి కిందికి, ఒత్తకుండా, బ్రష్‌ను తరచూ కడుగుతూ లాగండి. మళ్లీ నీళ్లు. కింది అంచును వైపర్‌తో ఖాళీ చేయండి. ప్యానెల్ వెనక్కి, జంక్షన్ బాక్సు మీదికి, కనెక్టర్ల మీదికి నీటి ధార పెట్టకండి. వాన పై నుంచి పడుతుంది, మీ పైపు కింది నుంచి కొడుతుంది. ఆ డబ్బాల రక్షణ రెండోదానికి సరిపోకపోవచ్చు. నీరు కారిపోయాక మాన్యువల్‌లో చెప్పిన వరసలో తిరిగి వేయండి, చాలా ఇన్వర్టర్లకు డీసీ ముందు, ఏసీ తర్వాత. లోపలి పరీక్షలు ముగించి గ్రిడ్‌లో కలవడానికి దానికి కొన్ని నిమిషాలు పడుతుంది. వెంటనే వెలగలేదని మళ్లీ మళ్లీ స్విచ్చులు నొక్కవద్దు.

ఎండిన రెట్ట మీద తడిగుడ్డ పరిచి 10, 15 నిమిషాలు వదిలేస్తే ఊడుతుంది. బ్లేడు, చాకు, స్టీలు పీచు ముట్టించకండి. పొడిగా గీకితే లేచే ధూళి ఊపిరితిత్తులకు హాని, అందుకని మాస్కు పెట్టుకుని, తడిపిన తర్వాతే చెయ్యి పెట్టండి. చెట్టు జిగురు మొండికేస్తే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను గుడ్డకు అద్ది ఆ మచ్చ వరకే తుడవండి. అంచుల్లో పెరిగే నాచును మొదట్లోనే తీసేయాలి. ముదిరితే గాజును పట్టుకుంటుంది.

కడగడం కాకుండా మిగతా సంరక్షణ గురించి చూద్దాం. ఇన్వర్టర్ వెనక రెక్కల్లో దుమ్ము పడితే అది వేడెక్కి తన ఉత్పత్తిని తానే తగ్గించుకుంటుంది. ఆపి, చల్లారాక పొడి బ్రష్‌తో దులపండి. చుట్టూ మాన్యువల్ చెప్పినంత ఖాళీ వదలండి. మూత మాత్రం విప్పవద్దు, ఆపిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్లలో కొంతసేపు కరెంటు నిలిచి ఉంటుంది. డీసీ డబ్బాలో పిడుగుల నుంచి కాపాడే ఎస్‌పీడీకి చిన్న కిటికీ ఉంటుంది. ఆకుపచ్చ ఉంటే సరే, ఎరుపు కనిపిస్తే అది తన పని చేసి అయిపోయింది, మార్పించాలి. ఉరుముల కాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చూడండి.

ఎర్తింగ్‌లో జరిగే తప్పు ఒకటి చెప్పాలి. అల్యూమినియం ఫ్రేము మీద ఉండే పూత కరెంటును పోనివ్వదు. తీగను ఊరికే బోల్టు కింద నొక్కితే ఎర్తింగ్ ఉన్నట్టు కనిపిస్తుంది, ఉండదు. పూతను చీల్చే పళ్ల వాషర్ ఉండాలి. రాగి తీగను నేరుగా అల్యూమినియానికి తగిలిస్తే తేమకు అక్కడ తినేస్తుంది, తగరం పూత ఉన్న లగ్ (తీగ కొసకు బిగించే ముక్క), స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టు కావాలి. తెల్లటి పొడి రాలుతుంటే ఆ జాయింటు చెడినట్టే.

తీగలు కప్పును తాకుతూ పడి ఉండకూడదు. తీగలను కట్టే మామూలు ప్లాస్టిక్ కేబుల్ టైలు ఎండకు పెళుసై తెగుతాయి, తీగ జారి పదునైన రేకు అంచుకు రాసుకుంటుంది. ఇన్సులేషన్ ఫాల్టుల్లో చాలావాటికి మొదలు అదే. ఎలుకలు, పావురాలు ఉన్నచోట ప్యానెళ్ల చుట్టూ జాలి కట్టించండి, గాలి ఆడే జాలి అయి ఉండాలి. టెక్నీషియన్ వచ్చినప్పుడు ఒక కంపెనీ ఎంసీ4కు ఇంకో కంపెనీది కలిపారేమో అడగండి. పట్టినట్టే ఉంటాయి, లోపల కొలతల తేడాతో వేడెక్కి కరుగుతాయి. ఇన్సులేషన్ నిరోధం 500 లేదా 1000 వోల్టుల మెగ్గర్‌తో కొలిపించండి, 120 వోల్టులు దాటిన స్ట్రింగుకు 1 మెగాఓమ్ కన్నా తగ్గకూడదు. వేడిని చూపే థర్మల్ కెమెరాతో పరీక్ష చేయిస్తే మంచి ఎండలో చేయించండి, చదరపు మీటరుకు కనీసం 600 వాట్ల వెలుగు ఉండాలి. సాయంత్రం తీసిన ఫోటోలో హాట్ స్పాట్లు దాక్కుంటాయి.

ప్రశ్నలు కొన్ని వచ్చాయి, చూద్దాం.

"వంటింటి రబ్బరు గ్లౌజులు వేసుకుంటే చాలదా?" చాలదు. అవి నీటి నుంచి కాపాడేవి. కరెంటు పనికి వాడే క్లాస్ 0 గ్లౌజులు 1000 వోల్టుల ఏసీ, 1500 వోల్టుల డీసీ వరకు వాడడానికి పరీక్షించినవి. అవి టెక్నీషియన్‌కు కావాలి. కడిగేవాళ్లు గ్లౌజులు కావాల్సినంత దగ్గరకు తీగల జోలికే పోకూడదు.

"స్ప్రింక్లర్లు పెట్టించుకోవచ్చా?" నీరు మెత్తటిదైతే, తెల్లవారుజామున నడిపితే, దుమ్ముకు పనికొస్తాయి. రెట్టకు, కింది అంచు బురదకు పనికిరావు. గట్టినీటితో మధ్యాహ్నం నడిపితే కొన్ని నెలల్లో గాజంతా సున్నం కట్టేస్తుంది.

"వడగళ్లు పడ్డాయి, గాజు బాగానే ఉంది, చూపించాలా?" ప్యానెళ్లను 25 మిల్లీమీటర్ల మంచుగుండును సెకనుకు 23 మీటర్ల వేగంతో కొట్టి పరీక్షిస్తారు. అంతకన్నా పెద్దవి పడితే గాజు నిలిచినా సెల్ చీలి ఉండవచ్చు. ఆ రోజే ఫోటోలు తీసి పెట్టుకోండి, వారంటీకి, బీమాకు పనికొస్తాయి. తర్వాత రెండు వారాలు యూనిట్లు గమనించి, తగ్గితే థర్మల్ పరీక్ష చేయించండి.

"గాజు పగిలింది, మనిషి రావడానికి వారం పడుతుంది, ఈలోపు?" ఏసీ ఆపి, డీసీ ఐసొలేటర్ ఆపి, అలాగే వదిలేయండి. పైకి పిల్లలు, పెంపుడు జంతువులు వెళ్లకుండా తలుపు వేయండి. పగుళ్ల మీద టేపు అంటించడానికి, టార్పాలిన్ కప్పడానికి ఎక్కవద్దు. వాన పడితే ఆ ఫ్రేము, స్టాండు మొత్తం కరెంటుతో ఉండవచ్చు. పొగ వచ్చినా, చిటపట శబ్దం విన్నా నీళ్లు చల్లకండి. అందరూ బయటికి వచ్చేసి అగ్నిమాపక సిబ్బందికి ఫోను చేయండి, "ఇంటి మీద సోలార్ ఉంది, ఐసొలేటర్ ఫలానా చోట ఉంది" అని మొదటి మాటగా చెప్పండి. ఆ చోటు రాసిన కాగితం మీటరు బోర్డు దగ్గర ఈ రోజే అంటించి ఉంచండి.